గోడ క్యాలెండర్ మీద ఎర్ర సున్నాలు

విశాఖలో ఉంటున్న మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి చెబుతుంది. ఆదివారం పిల్లల్ని సబ్‌మెరైన్ మ్యూజియానికి తీసుకెళ్ళామనో, వచ్చే వారం కూచిపూడి ప్రదర్శన ఉందనో, సెలవుల్లో మట్టిబొమ్మలు చేయడం నేర్పుతున్నారనో. ఒకసారి ఆ మాటలు విని మా కోడలు, "మన పలాసలో ఏటుంటాయి మావయ్యా, జీడిపప్పు తప్ప?" అంది. ఆ మాటలో దిగులుంది. తన పిల్లలకి అందాల్సినదేదో అందకుండా పోతోందన్న దిగులు. టెక్కలి, మందస, సోంపేట, కవిటి, ఏ ఊళ్ళో అడిగినా తల్లులు ఇదే మాట అంటారు. ఈ అధ్యాయం వాళ్ళ కోసం రాస్తున్నాను.

నగరంలో మ్యూజియం ఉంటే దాన్ని నడిపే మనుషులుంటారు. ఏ నెలలో ఏం చూపించాలో వాళ్ళు ముందే అనుకుంటారు, పోస్టర్లు వేస్తారు, పేపర్లో వస్తుంది. మన దగ్గర గుట్ట మీద స్తూపాలున్నాయి, వంశధార ఒడ్డున తూర్పు గాంగుల కాలంనాటి గుళ్ళున్నాయి, చెట్ల మీద గూళ్ళు కట్టే పెద్ద పక్షులున్నాయి, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక ఉంది. వీటికి తేదీ వేసి రమ్మని పిలిచేవాళ్ళు తక్కువ. ఆ పిలుపు ఇంట్లోంచే రావాలి. ఎవరో ఒకరు ఆ పని నెత్తినేసుకోవాలి. అది అమ్మే కానక్కర్లేదు. తొమ్మిదో తరగతి చదివే పిల్ల చాలు, ఓపికున్న మామ్మ చాలు.

సామగ్రి పెద్దగా ఏమీ లేదు. కిరాణా కొట్టులో ఇచ్చే కొత్త క్యాలెండరు, ఒక ఎర్ర పెన్ను. క్యాలెండర్ని మేకుకి తగిలించే ముందు ఇంట్లో అందరూ చుట్టూ కూర్చుని ఏడాదికి ఆరు సున్నాలు చుట్టండి. ఆరే. పన్నెండు చుట్టిన ఏడాది మా ఇంట్లో రెండే జరిగాయి. ఆ రెండింటికీ పిల్లలు విసుగ్గానే వచ్చారు. సున్నా చుట్టేటప్పుడే ఎవరు తీసుకెళ్ళాలో పేరు కూడా పక్కన రాయండి. పేరు లేని సున్నాకి బాధ్యత ఎవరూ తీసుకోరు.

ఇంకో మాట. మన పలాస చుట్టుపక్కలి ఉద్దానంలో చాలా ఇళ్ళల్లో మగవాళ్ళు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో అండమాన్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటారు, సంక్రాంతికి వస్తారు. అందుకని ఒక సున్నా తప్పకుండా జనవరిలో, వాళ్ళు రైలెక్కకముందు పడాలి. తండ్రి ఊళ్ళో ఉన్న నాలుగు రోజుల్లో ఒక పూట పిల్లలతో ఏదైనా చూస్తే, మిగతా ఏడాదంతా ఫోన్లో మాట్లాడుకోవడానికి వాళ్ళకో విషయం మిగులుతుంది. "తిన్నావా, చదువుతున్నావా" దగ్గరే ఆగిపోయే మాటలు అక్కడి నుంచి ముందుకి సాగుతాయి.

పావుగంట

నేను ఏడో తరగతిలో ఉండగా మా బడివాళ్ళు బస్సు కట్టించి ఒక పెద్ద మ్యూజియానికి తీసుకెళ్ళారు. ఏ ఊరన్నది ఇప్పుడు అనవసరం. మా వెనక బెత్తంతో ఒక మాస్టారు "నడవండి, నడవండి" అంటూనే ఉన్నారు. నలభై నిమిషాల్లో మూడు అంతస్తులు తిరిగేశాం. ఆ రోజు గురించి నాకు గుర్తున్నది ఆకులో కట్టిన పులిహోర పొట్లం, ముందు నడిచేవాడి చొక్కా వీపు మీద చిరుగు. లోపల ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు. తర్వాత ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను. ఎక్కడికెళ్ళినా ఒక్క వస్తువుని ఎంచుకోండి. దాని దగ్గర పావుగంట నిలబడండి. మిగతావి చూస్తే చూశారు, లేకపోతే మళ్ళీ రావచ్చు.

ఏ వస్తువన్నది బయల్దేరే ముందు రాత్రే తేల్చుకోవాలి. రాత్రి అన్నాల దగ్గర దాని కథ చెప్పండి, కానీ సగమే చెప్పండి. మిగతా సగం అక్కడికెళ్ళి పిల్లలే వెతుక్కోవాలి.

శాలిహుండం సంగతి చెబుతాను. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు వెళ్తే, వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న గుట్ట అది. అక్కడ స్తూపాలు, ధాతువులు దాచిన పేటికలు, విగ్రహాలు బయటపడ్డాయి. రెండో శతాబ్దం నుంచి పన్నెండో శతాబ్దం దాకా థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడూ అక్కడ వర్ధిల్లాయని తవ్వకాలు తేల్చాయి. ఆ చోటుని 1919లో లోకానికి తెలియజేసినవారు గిడుగు వెంకట రామమూర్తి. తెలుగు పాఠం పుస్తకంలో వ్యావహారిక భాష కోసం పోరాడినాయనగా పిల్లలకి తెలిసిన మనిషే. "మన తెలుగు మాస్టారే ఈ గుట్టని కనిపెట్టారు" అని చెబితే పిల్లల కళ్ళు ఎలా విప్పారతాయో మీరే చూస్తారు.

మేం వెళ్ళే ముందు రాత్రి మా మనవరాలికి రెండు పేర్లు చెప్పాను. ఆ ఊరి పాత పేరు శాలివాటిక అంటారు, అంటే వడ్లు నిలవ చేసే చోటు. కాదు, శల్యపేటిక అంటారు ఇంకొందరు, అంటే ఎముకలు దాచిన పెట్టె. ఏది నిజమో రేపు నువ్వే తేల్చాలన్నాను. ఆ పిల్ల రాత్రంతా ఎముకల పెట్టె గురించే అడిగింది. పొద్దున్న గుట్టెక్కి చుట్టూ చూసి, కింద వంశధార పక్కన పచ్చగా పరుచుకున్న పొలాలు చూపించి, "వడ్లు కూడా నిజమే తాతా" అంది.

అక్కడి చిన్న మ్యూజియంలో మేం ఎంచుకున్నది మారీచి విగ్రహం. మారీచి బౌద్ధుల వెలుగుదేవత. ఆమె రథానికి పందుల్ని కడతారని, సాధారణంగా ఏడు చెక్కుతారని దారిలోనే చెప్పి ఉంచాను. మన పిల్లలకి అరసవల్లి సూర్యుడి గుడి తెలుసు. సూర్యుడికి ఏడు గుర్రాలని తెలుసు. "సూర్యుడికి గుర్రాలైతే ఈవిడకి పందులేటి?" అన్న ప్రశ్నతోనే మా మనవరాలు లోపలికి అడుగుపెట్టింది. అరిగిపోయిన రాతి దగ్గర వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, పీఠం ఆ మూల నుంచి ఈ మూల దాకా వెతికింది. కొన్ని దొరికాయంది. నా కళ్ళకి అంత స్పష్టంగా ఆనలేదు. పావుగంట ఇట్టే గడిచిపోయింది. అదే నెలలో అరసవల్లి వెళ్ళినప్పుడు దర్శనం క్యూలో నిలబడి వాళ్ళ నాన్నకి మారీచి గురించి అదే చెప్పింది. రెండు మతాలు, ఒకే జిల్లా, ఒకే సూర్యుడు. ఆ ముడి వేసుకోవడానికి దానికి నా సాయం అక్కర్లేకపోయింది.

వెళ్ళే ముందు రోజు మ్యూజియం తెరిచి ఉంటుందో లేదో కనుక్కోవడం మరిచిపోకండి. తాళం చూసి వెనక్కొచ్చిన పిల్లలు రెండోసారి అంత ఉత్సాహంగా రారు. తేదీ కోసం తడుముకుంటుంటే, ప్రపంచ వారసత్వ దినం ఏప్రిల్ 18, అంతర్జాతీయ మ్యూజియం దినం మే 18, వారసత్వ వారోత్సవం నవంబరు 19 నుంచి 25 వరకు. ఏప్రిల్, మేలలో ఎండ మండిపోతుంది కాబట్టి నా ఓటు నవంబరుకే.

ఆగస్టు 29

ఈ తేదీకి కళ్ళు మూసుకుని సున్నా చుట్టవచ్చు. తెలుగు భాషా దినోత్సవం. గిడుగు పుట్టినరోజు. ఆయన 1863లో పుట్టింది మన వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి దగ్గరున్న పర్వతాలపేటలో. రాష్ట్రమంతా సభల్లో ఆయన ఫోటోకి దండ వేస్తారు. ఆయన పుట్టిన నేల మీద నిలబడే వీలు మనకుంది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. ఆ రోజు పిల్లలకి ఒక పని అప్పజెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మాటల్లో బడి పుస్తకంలో కనిపించనివి పది రాసుకురమ్మనండి. ఏటి, గుంటడు, ఒలే, అప్ప, ఇలాంటివి. ఆ పది మాటలూ రాసుకొచ్చాక ఇంట్లో మామ్మకి ఎంత మర్యాద పెరుగుతుందో చూడండి.

అక్కణ్ణించి శ్రీముఖలింగం. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. తూర్పు గాంగుల కళింగనగరం ఇదే. తర్వాత అనంతవర్మ చోడగంగు రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టిందీ ఆయనే. పూరీ వెళ్ళొచ్చిన కుటుంబాలు మన దగ్గర బోలెడు. పూరీకి ముందు ముఖలింగం ఉందన్న సంగతి పిల్లలకి చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. పావుగంట నిలబడవలసిన వస్తువు ఇక్కడ గర్భగుడిలోని గోలెం, ముఖలింగం వెనక ఉండే పెద్ద మట్టి గోలెం. దాని వెనక ఒక కుమ్మరి మొక్కు కథ ఉంది. ఆ కథ మీరు చెప్పకండి, అక్కడి అర్చకుల్ని పిల్లల చేతే అడిగించండి. "ఇంత పెద్దది ఈ గుమ్మంలోంచి లోపలికెలా వచ్చింది?" అని ఒక్క ప్రశ్న వాళ్ళ నోట్లో పెట్టి పంపండి చాలు. భక్తుల రద్దీ లేని పూట వెళ్ళాలి. శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి జనం పోటెత్తుతారు. ఆ సందడి చూడాల్సిందే, కానీ అది వేరే సున్నా.

చేతులు చూడండి

గాజు పెట్టెలో పెట్టినదే చూడదగ్గ వస్తువన్న భ్రమ మనకుంది. కాశీబుగ్గలో జీడిపిక్కల బట్టీ పక్కనుంచి రోజూ నడిచే పిల్లలకి, పిక్క లోపలి పప్పు బయటికి ఎలా వస్తుందో తెలియదు. తెలిసినవాళ్ళ ద్వారా ముందే అడిగి, పని తక్కువున్న పూట ఒక గంట చూపించండి. కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం, గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు వేరు చేయడం. అక్కడ పనిచేసే ఆడవాళ్ళ వేళ్ళు చూపించండి. జీడి చమురు తగిలి నల్లబడ్డ వేళ్ళు. ఆ వేళ్ళని చూసిన పిల్ల పాయసంలో జీడిపప్పు ఏరి పక్కన పెట్టదు.

ఇంటికొచ్చాక ఒక లెక్క చేయించండి. డబ్బా మీద 240 అని రాసి ఉంటుంది. పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి 240 లోపు గుండ్లు తూగే రకమని దాని అర్థం. 320 అంటే గుండు ఇంకా చిన్నది. పావుకిలో తూచి లెక్కపెట్టమనండి. మా ఇంట్లో లెక్క పూర్తయ్యేసరికి నాలుగైదు పప్పులు తగ్గాయి. దానికీ ఒక తీసివేత లెక్క కుదిరింది.

కాస్త దూరమెళ్ళగలిగితే పొందూరు. అక్కడ పత్తిని ఏకడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ దవడలోని సన్నని పళ్ళతో పత్తి పీచుని దువ్వుతారు. సన్నఖాదీ అంత నాజూగ్గా రావడం ఆ దువ్వడంతోనే మొదలవుతుంది. చేపలు పట్టే ఊళ్ళల్లో పుట్టిన మన పిల్లలకి చేప దవడతో బట్ట తయారవుతుందంటే నమ్మకం కుదరదు. ఆ ఎముకని చేత్తో పట్టుకోనిస్తారేమో అడగండి. సారవకోట దగ్గర బుడితిలో కంచు, ఇత్తడి పని ఉంది. మీ ఇంటి అటక మీద బుడితి బిందె ఉంటే దించి, దాంతోనే వెళ్ళండి. చేసినవాళ్ళు ఆ బిందెని తిప్పి చూసి చెప్పే కబుర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు.

తెల్లవారుజాము, సందెవేళ

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి అక్టోబరు నుంచి మార్చి లోపు ఒక సున్నా పెట్టుకోండి. పొద్దున్నే వెళ్ళాలి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద పిల్లల్ని పెంచుతుంటాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చిన్నప్పటి నుంచి విన్నాం, మన పిల్లలకీ అదే చెబుతున్నాం. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే గూళ్ళు కట్టి పిల్లల్ని చేసేవి. మన దగ్గరికి వచ్చేదీ ఆ పనికే. పుట్టింటికి పురిటికొచ్చే ఆడపిల్లలు గుర్తొస్తారు నాకైతే. పక్షుల్ని ఊరివాళ్ళు తరతరాలుగా కాపాడుతున్నారు. అక్కడ కేకలు వేయకుండా ఉండటం మన వంతు.

తీరంలో జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో దాదాపు వంద. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. అటవీ శాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు గుడ్లని సంరక్షించే చోట్ల తెల్లవారుజామున పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. మీ తీరంలో అలాంటి చోటు ఉందో లేదో మత్స్యకారుల్ని అడగండి, వాళ్ళకి తెలియకుండా జరగదు. టార్చిలైట్లు, ఫోన్ల వెలుగు వద్దు. వెలుగు చూస్తే తాబేలు పిల్ల దారి తప్పుతుంది. అరచేతిలో పట్టేంత ప్రాణి ఇసుక మీద తడబడుతూ పోయి మొదటి అల తగలగానే కనపడకుండా పోవడం, అదంతా కలిపి పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం నాలుగింటికి లేవమంటే మా మనవళ్ళు మూడింటికే లేచి కూర్చున్నారు.

అమ్మవారి సంబరాల గురించి తల్లుల్లో ఒక జంకు ఉంది. అర్ధరాత్రి, జనం, మైకుల హోరు. ఆ జంకు సబబే. అందుకని సందెవేళకే వెళ్ళండి. తప్పెటగుళ్ళ కళాకారులు కాళ్ళకి గజ్జెలు కట్టుకుంటూ, రొమ్ము మీదికి తప్పెట బిగించుకుంటూ ఉండే ఆ అరగంట పిల్లలకి అసలైన ప్రదర్శన. టీ తాగుతున్నప్పుడు వెళ్ళి పలకరించండి. తప్పెట ఒకసారి వాయించనిస్తారా అని పిల్లల చేత అడిగించండి. కాదనడం నేనెప్పుడూ చూడలేదు. జముకుల కథ ఎక్కడైనా ఉందని తెలిస్తే పనులు మానుకుని వెళ్ళండి. ఆ కళని ఆసరా చేసుకునే విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి ఈ పల్లెల్లో తిరిగి పాడాడు. 2020లో వచ్చిన 'పలాస 1978' సినిమాలో మన జానపదం ఊరూరా మోగింది. ఫోన్లో ఆ సినిమా పాటలు విన్న పిల్లలు, జముకు తీగని లాగి వదిలినప్పుడు పుట్టే ఆ మూలుగుని దగ్గర్నుంచి విని తీరాలి. వీడియో తీసుకుంటే తీసుకోండి, కానీ ముందు వాళ్ళ పళ్ళెంలో నోటు వేయించండి, పిల్లల చేత్తో.

ఏప్రిల్ 1

ఆ తేదీకి పిల్లలు ఒకర్నొకరు ఫూల్ చేసుకుంటారు. మన గడ్డ మీద ఆ రోజుకి వేరే అర్థం ఉంది. 1940 మార్చి చివర్లో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. బారువలో 1909లో పుట్టిన గౌతు లచ్చన్న ఆ రైతు ఉద్యమానికి ముందు నిలిచినవారిలో ఒకరు. వారం తిరక్కుండానే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకి సాసుమాన గున్నమ్మ ప్రాణం విడిచింది. అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం ఎదురుతిరిగిన రైతుల ముందు నిలబడింది. కడుపుతో ఉంది అప్పటికి. హరిపురంలో ఆమె స్తూపం ఉంది. పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. సాయంత్రం బండి మీద వెళ్ళి, నాలుగు మందారాలు పెట్టి, ఆమె కథ చెప్పి రండి. కాల్పుల మాట చిన్నపిల్లలకి చెప్పాలా అని నన్ను చాలామంది అడిగారు. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి చెప్పండి. మెల్లగా చెప్పండి, దాచి చెప్పకండి.

శ్రీకాకుళంలో సున్నా చుట్టదగ్గ చోటు ఇంకొకటుంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టిన కథానిలయం. తెలుగు కథలన్నీ ఒక్కచోట చేర్చాలన్న పట్టుదల. పుస్తకాలు చదివే పిల్ల ఇంట్లో ఉంటే ఫిబ్రవరిలో ఆ పిల్లకి మాత్రమే ఒక సున్నా ఇవ్వండి. మిగతావాళ్ళు ఇంట్లో ఉండొచ్చు. తనొక్కదాని కోసం ఇల్లు ఒక రోజు కేటాయించిందని ఆ పిల్ల గుర్తుపెట్టుకుంటుంది.

వెళ్ళలేనివాళ్ళు

ఉద్దానంలో చాలా ఇళ్ళల్లో కిడ్నీ జబ్బు మనిషి ఉన్నాడు. డయాలసిస్ రోజులు, నీరసం, డబ్బు. ఈ మాట ఎత్తకుండా ప్రయాణాల గురించి రాయడం నాకు తప్పనిపిస్తుంది. క్యాలెండర్ మీద ఎర్ర సున్నాలు చుట్టే ముందు డయాలసిస్ రోజుల్ని నీలం పెన్నుతో గీయండి. వాటిని తప్పించి తేదీలు పెట్టండి. నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. అక్టోబరులో సముద్రం వైపు సున్నా పెడితే వాతావరణ హెచ్చరిక చూశాకే కదలండి, ఆ నెల తుఫానులు మనల్ని ఎలా కొట్టాయో చెప్పక్కర్లేదు. బండెక్కలేని తాతకి ఇంట్లోనే పని ఉంది. ఆయన చూపించాల్సినవి అటక మీద ఉన్నాయి.

కనుమ రోజున, వలస వెళ్ళినవాళ్ళు కూడా ఉండగా, వీధరుగు మీద మంచం వేసి దుప్పటి పరిచి ఇంటి పాత వస్తువులు పెట్టండి. కుంచం, అడ్డ, మానిక, తాత వాడిన వల, పెళ్ళినాటి ఇత్తడి చెంబు, రేషన్ కార్డు, అండమాన్ నుంచి వచ్చిన మొదటి ఉత్తరం. ఒక్కో దానికి పిల్లలు అట్టముక్క మీద రెండు వాక్యాలు రాయాలి. ఏం రాయాలో పెద్దవాళ్ళని అడిగి రాయాలి, సొంతంగా అల్లకూడదు. ఈ ఒక్క నియమం గట్టిగా పట్టండి. మొదటి ఏడాది ఇరుగుపొరుగు నవ్వుతారు, రెండో ఏడాది వాళ్ళ వస్తువులూ తెచ్చి పెడతారు.

మా వీధిలో ఒక ఇంట్లో మొన్న కనుమకి ఇలాగే పెట్టారు. నన్నూ పిలిచారు. కుంచాల పక్కన కొబ్బరిచెట్టు ఎక్కే మోకు ఒకటి చుట్టి పెట్టి ఉంది. తాడు నున్నగా అరిగి, నడుము ఆనే చోట నల్లగా మెరుస్తోంది. పక్కన అట్టముక్క మీద ఐదో తరగతి పిల్లాడి గుండ్రటి అక్షరాలు:

"మోకు. మా తాత దీనితో రోజూ చెట్లు ఎక్కేవారు. 2018 అక్టోబరు 11 తిత్లీ తుఫాను దాకా."

తాత పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. మనవణ్ణి పిలిచి, పెన్ను తీసుకుని కింద ఇంకో వాక్యం రాయమన్నాడు. పిల్లాడు మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చెబుతుంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు.

"నూట పన్నెండు చెట్లు. వాటిలో నలభై మళ్ళీ నాటాం."